మార్గిట్ దగ్గర ఇరుక్కున్నోళ్ళ కోసం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎల్డెన్ రింగ్ 2022 ఫిబ్రవరి 25న వచ్చింది. ఇన్నేండ్లయినా మా కర్నూలు పక్క కొత్తగా మొదలుపెట్టే ప్రతి పిల్లోడూ ఇరుక్కునేది ఒకే తావులో, స్టార్మ్‌వీల్ కోట ముందర బ్రిడ్జి మీద, మార్గిట్ అనే బాస్ (దారికి అడ్డం నిలబడే పెద్ద శత్రువు) దగ్గర. సేల్‌లో గేమ్ రేటు తగ్గిన ప్రతిసారీ ఆదోని నుంచి, నంద్యాల నుంచి, అనంతపురం హాస్టళ్ళ నుంచి అవే డౌట్లు వాట్సాప్‌లో వస్తాండాయి, అందుకే అన్నీ ఒక్క చోట రాసి పెడ్తాండా. మీకు ఏ ప్రశ్న కావాలో నేరుగా దాంట్లోకే పోండి, దేనికది విడిగా అర్థమయ్యేట్టు రాసినా. గేమ్‌లో తెలుగు సబ్‌టైటిల్స్ లేవు కాబట్టి పేర్లన్నీ గేమ్‌లో ఎట్లా ఉన్నాయో అట్లనే పెట్టినా, మెనూలో వెతుక్కోవడానికి సులువుగా ఉంటాది. కథలో ముందు ముందు వచ్చే రహస్యాలు ఏవీ బయటపెట్టలేదు, భయపడకుండా చదవండి.

## మొదలుపెట్టక ముందు

నా లాప్‌టాప్‌లో ఆడుతుందా అన్నా? మధ్యలో హ్యాంగ్ అయితే మార్గిట్ కొట్టేస్తాడు గదా?

కంపెనీ చెప్పిన కనీసం లెక్క ఇది: 12 జీబీ ర్యామ్, ఇంటెల్ ఐ5 8400 అంత ప్రాసెసర్, జీటీఎక్స్ 1060 అంత గ్రాఫిక్స్ కార్డు, 60 జీబీ ఖాళీ. 8 జీబీ ర్యామ్‌తో లాగుదామని చూడొద్దు, ఇంకో 8 జీబీ వేయించుకుంటే సరిపోతాది. ఇంక మనకుండే అసలు సమస్య ఎండ. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట ఆడితే లాప్‌టాప్ వేడెక్కి తనంతట తానే స్పీడు తగ్గించుకుంటాది, అప్పుడు బొమ్మ జర్కులు కొడతాది, రోల్ (దొర్లి దెబ్బ తప్పించుకోవడం) టైమింగ్ మొత్తం పాడవుతాది. ఫ్యాన్ దుమ్ము దులిపించండి, వెనక వైపు కాస్త ఎత్తుగా పెట్టండి, షాడోలు, గడ్డి క్వాలిటీ తగ్గించండి. బొమ్మ అందం కొంచెం తగ్గినా ఫర్వాలేదు, ఈ ఫైట్‌కు కావాల్సింది బొమ్మ ఒకే స్పీడులో నడవడం. సాయంత్రం ఎండ దిగినాక ఆడితే ఇంకా మంచిది.

టీవీకి పెట్టి ఆడితే బటన్ నొక్కినాక లేటుగా రోల్ పడుతాంది, కంట్రోలర్ పోయిందా?

కంట్రోలర్ కాదు, నూటికి తొంభై పాళ్ళు టీవీనే. ఇప్పటి టీవీలు బొమ్మను అందంగా చేయడానికి కొంచెం సేపు తీసుకుని తర్వాత చూపిస్తాయి, సినిమాకు అది తెలియదు గానీ మార్గిట్ ముందర బాగా తెలుస్తాది. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ అని ఉంటాది, ఆన్ చేయండి. శానా మందికి ఈ ఒక్క సెట్టింగ్‌తోనే ఫైట్ సగం సులువయింది.

కీబోర్డు చాలదా, కంట్రోలర్ కొనాల్సిందేనా?

కీబోర్డుతో గెలిచినోళ్ళు ఉన్నారు, కానీ ఈ గేమ్ కంట్రోలర్ చేతిలో పెట్టుకుని ఆడేట్టు చేసింది. ఏ దిక్కుకు రోల్ కొట్టాలనేది బొటనవేలితో తిప్పడం వేరు, నాలుగు బటన్లు వెతకడం వేరు. వీలైతే ఒకటి కొనండి, సెకండ్ హ్యాండ్ అయినా ఫర్వాలేదు, కొనేముందు స్టిక్ వదిలేసినా బొమ్మ తనంతట తానే నడుస్తాందేమో చూసుకోండి.

ఫైట్ మధ్యలో కరెంటు పోతే నా రూన్స్ పోతాయా?

పోవు. గేమ్ తనంతట తానే సేవ్ చేసుకుంటా ఉంటాది. మళ్ళీ ఆన్ చేస్తే బాస్ ఉండే పొగ తెర బయట నిలబడి ఉంటారు, రూన్స్ (శత్రువులను చంపితే వచ్చేవి, లెవెల్ పెంచుకోవడానికి, వస్తువులు కొనడానికి వాడేవి) మీ దగ్గరే ఉంటాయి, మార్గిట్ మాత్రం నిండు ప్రాణంతో ఉంటాడు. ఇన్వర్టర్ ఉంది గదా అనుకోవద్దు, కరెంటు నుంచి ఇన్వర్టర్‌కు మారే ఆ రవ్వంత సేపట్లో కొన్ని డెస్క్‌టాప్‌లు రీస్టార్ట్ అవుతాయి, మాటిమాటికీ కరెంటు పోయే ఏరియా అయితే చిన్న యూపీఎస్ పెట్టుకోండి. పీసీలో సేవ్ ఫైల్ యాప్‌డేటా లోపల రోమింగ్ ఫోల్డర్‌లో ఎల్డెన్ రింగ్ పేరుతో ఉంటాది, వారానికోసారి దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే నిమ్మళంగా ఉండొచ్చు.

పాజ్ బటన్ యాడుంది? అమ్మ అన్నానికి పిలుస్తాది, నేను చచ్చిపోతా.

మామూలు పాజ్ లేదు, మెనూ తెరిచినా వాడు కొడతానే ఉంటాడు. కానీ ఒక దారి ఉంది: ఇన్వెంటరీ తెరిచి, హెల్ప్ బటన్ నొక్కి, మెనూ ఎక్స్‌ప్లనేషన్ అనేది ఎంచుకుంటే చిన్న డబ్బా ఒకటి వస్తాది, అది తెరిచి ఉన్నంత సేపు గేమ్ ఆగిపోతాది. ఒంటరిగా ఆడేటప్పుడు ఇది వాడుకోండి, అన్నం తినేసి రండి.

ఈజీ మోడ్ ఉందా?

లేదు. మెనూలో వెతకొద్దు. కష్టం తగ్గించుకునే దారులన్నీ గేమ్ లోపలే పెట్టినారు: లెవెల్, కత్తి, ఫ్లాస్కులు (తాగితే ప్రాణం వచ్చే సీసాలు), తోడుగా వచ్చే ఆత్మలు. అవి వాడుకోవడమే ఇందులో ఈజీ మోడ్.

## కోటకు పోక ముందు

గేమ్ మొదలుపెట్టి గంట కూడా కాలేదు, బంగారు వెలుగు దారి చూపిస్తాంది అని నేరుగా కోటకు పోయినా, రెండు దెబ్బలకే చచ్చిపోతాండా. నాకు చేతకాదా?

చేతకాక కాదు, తొందరగా పోయినారంతే. ఆ వెలుగు కథ ఏ పక్కకు పోతాదో చూపిస్తాది, ఇప్పుడే పోవాలని చెప్పదు. ఈ గేమ్ డైరెక్టర్ హిడెటాకా మియాజాకి, వాళ్ళ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ కంపెనీ చేసిన గేములన్నిట్లో ఇంత విశాలమైన బయలు ముందెప్పుడూ ఇయ్యలేదు, ఆ బయలంతా వదిలేసి కోట తలుపు కాడికి పోతే మార్గిట్ వెనక్కి పంపిస్తాడు. వాడిని అక్కడ పెట్టిందే అందుకు అని నా గట్టి నమ్మకం. గేమ్ మొదలయ్యే ప్రాంతం లిమ్‌గ్రేవ్ మొత్తం తిరగండి, దక్షిణంగా బ్రిడ్జి దాటితే వీపింగ్ పెనిన్సులా అని ఇంకో ప్రాంతం ఉంటాది, అది కొత్తోళ్ళకు సరిగ్గా సరిపోయే చోటు, కిందికి పోతే క్యాసిల్ మోర్న్ కూడా ఉంది. అక్కడ గుహలు, చర్చిలు చూసుకుని తిరిగొస్తే అదే మార్గిట్, అవే దెబ్బలు, కానీ మీరు తట్టుకుని నిలబడతారు. దారిలో గుర్రం మీద బంగారు కవచం వేసుకుని తిరిగేవాడు కనపడితే వాడినీ ఇప్పుడే కెలకొద్దు.

ఏ లెవెల్‌లో పోవాలి? పాయింట్లు దేనికి పెట్టాలి?

20కీ 30కీ మధ్య ఉంటే ఫైట్ న్యాయంగా ఉంటాది. పాయింట్లు ముందు విగర్‌కు (మీ ప్రాణం పెంచేది) పెట్టండి, 20 వరకు తీసుకుపోండి. కొత్తోళ్ళు అందరూ స్ట్రెంగ్త్‌కో డెక్స్‌టెరిటీకో పోసేస్తారు, కానీ ఇంత తక్కువ లెవెల్‌లో ఆ పాయింట్ల వల్ల దెబ్బ పెరిగేది రవ్వంతే, దెబ్బ పెరిగేది కత్తిని అప్‌గ్రేడ్ చేస్తేనే. విగర్ ఉంటే ఒక తప్పు చేసినా బతికి ఉంటారు, బతికి ఉంటే వాడి దెబ్బలు చూసి నేర్చుకుంటారు. రూన్స్ కోసమైతే కోట ముందర ఉండే స్టార్మ్‌హిల్ ప్రాంతంలో తిరిగే పెద్ద ట్రోల్‌లు ఉన్నాయి గదా, గుర్రం మీద కాళ్ళ చుట్టూ తిరుగుతా కొట్టండి, ఒక్కోదానికి 1000 రూన్స్ వస్తాయి.

ఏ క్లాస్ తీసుకుంటే మార్గిట్ సులువు?

సామురాయ్. చేతిలో ఉచిగటానా ఉంటాది, దాంతో కొడతా ఉంటే రక్తస్రావం నిండి ఒక్కసారిగా పెద్ద ముక్క ప్రాణం పోతాది, మార్గిట్‌కు అది బాగా పనిచేస్తాది. వేరే క్లాస్ తీసుకున్నోళ్ళు మళ్ళీ మొదటి నుంచి ఆడాల్సిన పని లేదు, అదే కత్తి స్టార్మ్‌హిల్‌లో డెత్‌టచ్డ్ క్యాటకూంబ్స్ లోపల ఒక శవం దగ్గర దొరుకుతాది. మంచి షీల్డ్, కవచం కావాలంటే వ్యాగబాండ్. రెచ్ మాత్రం మొదటిసారి ఆడేవాళ్ళు తీసుకోవద్దు, అది లెవెల్ 1తో ఒంటి మీద బట్ట లేకుండా మొదలవుతాది.

కత్తిని యాడ, ఎట్లా పెంచాలి?

చర్చ్ ఆఫ్ ఎల్లే అని మొదట్లోనే ఒక పాడుబడిన చర్చి వస్తాది గదా, వ్యాపారి కాలే కూర్చుని ఉంటాడు, ఆ పక్కనే ఉన్న దాగలి దగ్గర +3 వరకు చేసుకోవచ్చు. దానికి స్మితింగ్ స్టోన్ 1 అనే రాళ్ళు వరసగా 2, 4, 6, అంటే మొత్తం 12 కావాలి, కొన్ని రూన్స్ కూడా. రాళ్ళు ఎక్కువగా లిమ్‌గ్రేవ్ టనల్స్ అనే గనిలో గోడలకు మెరుస్తా ఉంటాయి. రెండు మూడు ఆయుధాలకు పంచొద్దు, ఒక్కదానికే పెట్టండి. +3 చేసిన కత్తితో పోతే ఫైట్ తొందరగా అయిపోతాది, తొందరగా అయిపోతే మీరు తప్పు చేసే ఛాన్సులు కూడా తగ్గుతాయి. ఇంకో వస్తువు కూడా మర్చిపోవద్దు, గేట్‌ఫ్రంట్ రూయిన్స్ నేలమాళిగలో వెట్‌స్టోన్ నైఫ్ పెట్టెలో ఉంటాది, అది ఉంటేనే ఆయుధానికి యాష్ ఆఫ్ వార్ (ప్రత్యేక దెబ్బ ఇచ్చేది) పెట్టుకోగలరు.

నాకు ఫ్లాస్కులు నాలుగే ఉన్నాయి, వీడియోల్లో వాళ్ళకు ఎక్కువ ఉంటాయి, ఎట్లా?

గోల్డెన్ సీడ్ దొరికితే ఫ్లాస్క్ ఒకటి పెరుగుతాది. బంగారు రంగులో మెరిసే చిన్న చెట్టు కనపడితే దాని మొదట్లో ఉంటాది, కోటకు పోయే స్టార్మ్‌హిల్ దారిలో ఒకటి, తూర్పున ఫోర్ట్ హైట్ దారిలో ఒకటి. సేక్రెడ్ టియర్ వేరు, అది ఫ్లాస్క్ తాగినప్పుడు ఎంత ప్రాణం వస్తాదో అది పెంచుతాది, చర్చిల్లో విగ్రహం కాళ్ళ దగ్గర ఉంటాది: లిమ్‌గ్రేవ్ తూర్పున థర్డ్ చర్చ్ ఆఫ్ మారికాలో ఒకటి, వీపింగ్ పెనిన్సులాలో మూడు. థర్డ్ చర్చ్‌లోనే వండ్రస్ ఫిజిక్ అనే ఇంకో ఫ్లాస్క్ దొరుకుతాది, అది రెస్ట్ తీసుకున్న ప్రతిసారీ నిండుతాది. మీలీ (దగ్గరికి పోయి ఆయుధంతో కొట్టే ఆట) ఆడేవాళ్ళు నీలం ఫ్లాస్క్ (ఎఫ్‌పీ, అంటే మంత్రాలకు కావాల్సిన శక్తి నింపేది) ఒక్కటి ఉంచుకుని మిగతావన్నీ ఎర్రవి (ప్రాణం నింపేవి) చేసుకోండి, గ్రేస్ (బంగారు వెలుగుతో ఉండే విశ్రాంతి చోటు) దగ్గర కూర్చుంటే మార్చుకునే ఆప్షన్ ఉంటాది.

తోడేళ్ళను పిలిచే గంట అందరికీ ఉంది, నాకు మాత్రం రాలేదు, బగ్గా?

బగ్ కాదు. లిమ్‌గ్రేవ్ బయలులో మూడు గ్రేస్‌ల దగ్గర కూర్చుంటే మెలీనా వచ్చి లెవెల్ పెంచుకునే శక్తి, టోరెంట్ గుర్రం ఇస్తాది. ఆ తర్వాత చర్చ్ ఆఫ్ ఎల్లేకు మళ్ళీ పోవాలి, అక్కడ గోడ మీద రెన్నా అనే మంత్రగత్తె కూర్చుని ఉంటాది, మాట్లాడితే గంట, తోడేళ్ళ ఆత్మలు రెండూ ఇస్తాది. అప్పుడు పోకుండా శానా దూరం ఆడేసి ఉంటే ఆమె కనపడకపోవచ్చు, తర్వాత వచ్చే రౌండ్‌టేబుల్ హోల్డ్ అనే స్థావరంలో జంట ముసలమ్మల దగ్గర కొనుక్కోవచ్చు. ఇవి పిలవడానికి 55 ఎఫ్‌పీ కావాలి, అంతకంటే తక్కువ ఉంటే ముందు నీలం ఫ్లాస్క్ తాగి పిలవండి. స్టార్మ్‌హిల్ షాక్‌లో ఎర్ర ముసుగు వేసుకున్న రోడెరికాతో కూడా పూర్తిగా మాట్లాడండి, జెల్లీఫిష్ ఆత్మ ఇస్తాది, దానికి ప్రాణం గట్టి.

5000 రూన్స్ పెట్టి మార్గిట్ సంకెల కొనాలా?

కొత్తోళ్ళు కొనండి. అమ్మేది ప్యాచెస్ అనేవాడు, మర్క్‌వాటర్ గుహలో ఉంటాడు. ముందు మీ మీదికే వస్తాడు, సగం ప్రాణం పోగానే తల వంచి బతిమాలుకుంటాడు, అక్కడ కొట్టడం ఆపేయాలి, చంపేస్తే దుకాణం ఉండదు. క్షమించినాక దుకాణం పెడతాడు, అందులో మార్గిట్స్ షాకిల్ ఉంటాది. ఫైట్‌లో వాడితే మార్గిట్ నేలకు అతుక్కుపోతాడు, మీరు నాలుగు దెబ్బలు వేసుకోవచ్చు. మొదటి సగంలోనే పనిచేస్తాది, అది కూడా రెండుసార్లే. చచ్చిపోయి మళ్ళీ వస్తే మళ్ళీ రెండుసార్లు వాడుకోవచ్చు, వస్తువు అయిపోదు. లెవెల్ తక్కువ ఉన్నోళ్ళు మాత్రం ఆ 5000 ముందు లెవెల్‌కే పెట్టుకోవడం మేలు.

నా రోల్ మొద్దుగా పడుతాంది, దబ్బుమని కిందపడినట్టు. ఎందుకు?

బరువు ఎక్కువైంది. ఎక్విప్ లోడ్ 70 శాతం దాటితే అట్లా పడతాది, ఆ రోల్‌తో మార్గిట్‌ను తప్పించుకోవడం శానా కష్టం. ఎక్విప్‌మెంట్ స్క్రీన్‌లో కుడి పక్క చూడండి, హెవీ లోడ్ అని ఉంటే ఒక కవచం ముక్కనో వాడని రెండో ఆయుధాన్నో తీసేయండి, మీడియం అని పడేదాకా.

## ఫైట్‌లో

వాడు కర్ర ఎత్తి అట్లనే ఆగుతాడు, నేను రోల్ కొట్టినాక అప్పుడు కొడతాడు. ఇది మోసం గదా?

శానా మంది చచ్చేది ఈ ఒక్క దెబ్బకే, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తా. వేరే గేముల్లో శత్రువు చెయ్యి ఎత్తితే వెంటనే దెబ్బ పడతాది, మన వేలికి అదే అలవాటు. మార్గిట్ ఆ అలవాటును చూసే కొడతాడు. కబడ్డీలో మంచి రైడర్ కాలు విసిరినట్టు చేసి ఆగుతాడు, డిఫెండర్ తొందరపడి మీద పడినాక అప్పుడు టచ్ చేసి పోతాడు చూడండి, సరిగ్గా అదే ఇది. వాడి కర్రను చూడొద్దు, మోచేయిని చూడండి. కర్ర తల మీదుగా వెనక్కి పోతాది, మోచేయి పైకి లేస్తాది, ఒళ్ళంతా కొంచెం వెనక్కి వంగుతాది, అక్కడ అన్నీ ఆగిపోతాయి. ఆ ఆగిన సేపట్లో మీ వేలు బటన్ మీదికి పోతాది, దాన్ని ఆపుకోవాలి. మోచేయి కిందికి రావడం మొదలైనప్పుడు నొక్కండి, సరిగ్గా పడతాది.

ప్రాక్టీస్ ఎట్లా అంటే, లోపలికి పోయి ఆయుధం వాడకుండా ఊరికే తప్పించుకుంటా ఉండండి. గెలవాలని పోవద్దు, చూడాలని పోండి. రూన్స్ అన్నీ ముందే ఖర్చు పెట్టేసుకుని పోతే చచ్చినా పోయేదేమీ ఉండదు. కొంచెం సేపటికి వాడి దెబ్బలన్నీ వేరువేరుగా కనపడ్తాయి, ఇది ఆపే దెబ్బ, ఇది ఆపకుండా పడే దెబ్బ అని. అప్పటిదాకా ఇదంతా ఒకే గందరగోళంగా ఉంటాది, అది అందరికీ అంతే.

ముందుకు రోల్ కొట్టాలా, వెనక్కా?

వెనక్కి వద్దు. కర్ర పొడుగు, పైగా వాడు ఒక్క దూకులో దూరం దాటేస్తాడు, వెనక్కి పోతే రెండో దెబ్బలో దొరుకుతారు. వాడి పక్కకు, ఒంటికి దగ్గరగా రోల్ కొట్టండి, కర్ర మీ వెనక నేల మీద పడతాది, మీరు వాడి నడుము పక్కన ఉంటారు. అక్కడినుంచే మీ దెబ్బ వేయాల్సింది.

దూరంగా పోయి ఫ్లాస్క్ తాగుదామంటే బంగారు కత్తి ఎగిరొచ్చి తగులుతాంది, ఎట్లా తాగాలి?

మీరు తాగడం మొదలుపెట్టడం చూసి విసురుతాడు, అంత గట్టిగా కనిపెట్టుకుని ఉంటాడు. అందుకని దూరం ముఖ్యం కాదు, సమయం ముఖ్యం. వాడి పొడుగు కాంబో అయిపోయి కర్ర నేలకు తగిలిన వెంటనే, లేదంటే వాడు తోడేళ్ళ పక్కకు తిరిగినప్పుడు తాగండి. ప్రాణం కొంచెమే తగ్గితే తాగొద్దు, ఒక్క దెబ్బకు పోయేంత తగ్గినప్పుడే తాగండి, లేకుంటే తాగడంలోనే దెబ్బలు తిని ఫ్లాస్కులన్నీ అయిపోతాయి.

కొట్టడానికి ఛాన్సే ఇవ్వడు, ఎప్పుడు కొట్టాలి?

ఇస్తాడు, శానా చిన్నగా ఇస్తాడు. ఆపి కొట్టిన పెద్ద దెబ్బ తర్వాత, దూకి పడిన తర్వాత, వాడు ఒక క్షణం లేవడు. అక్కడ ఒక్కటి, పెద్ద ఆయుధం కాకుంటే రెండు. మూడోది మాత్రం వద్దు, ఆ మూడో దెబ్బ ఆశతో పోయినోళ్ళే ఎక్కువ. దూకి కొట్టే హెవీ అటాక్ బాగా పనిచేస్తాది, అవి వరసగా తగిలితే వాడి బ్యాలెన్స్ తప్పి మోకాళ్ళ మీద కూలబడతాడు, అప్పుడు ముందుకు పోయి లైట్ అటాక్ నొక్కితే పెద్ద క్రిటికల్ పడతాది.

వెనక్కి పోయి కొడదామంటే తోకతో కొడతాడు.

అవును, వెనక నిలబడి ఉండేవాళ్ళకే ఆ తోక. వాడి వెనక ఒక్క దెబ్బ వేసి పక్కకు జరగండి, అక్కడే కాపురం పెట్టొద్దు.

షీల్డ్ అడ్డం పెట్టుకుని నిలబడితే చాలదా?

కర్ర దెబ్బలకు చాలుతాది, షీల్డ్ ఫిజికల్ 100 శాతం ఆపేది అయితే. వ్యాగబాండ్‌కు మొదట్లోనే ఇచ్చే హీటర్ షీల్డ్ అట్లాంటిదే. బంగారు కత్తులు, సుత్తి మాత్రం హోలీ దెబ్బలు, షీల్డ్ పెట్టినా కొంచెం లోపలికి తగులుతాది. వరసగా ఆపితే స్టామినా అయిపోయి షీల్డ్ తెరుచుకుంటాది కాబట్టి ఒకటి రెండు ఆపి, వెంటనే హెవీ నొక్కండి, దాన్ని గార్డ్ కౌంటర్ అంటారు, వాడి బ్యాలెన్స్ తొందరగా తప్పిస్తాది. టైమింగ్‌తో తంటాలు పడేవాళ్ళకు ఇది నేను మనస్ఫూర్తిగా చెప్పే దారి.

సగం ప్రాణం పోగానే సుత్తి తీస్తాడు, అక్కడినుంచి ఏమీ అర్థం కావడం లేదు.

ప్రాణం సగానికి దగ్గర పడగానే ఎగిరి బంగారు సుత్తితో నేలకు బాదుతాడు. అది మొదటిసారి వచ్చేటప్పుడు ఖాయంగా దూరంగా పరిగెత్తండి, లేదంటే పడే క్షణంలో పక్కకు రోల్. తర్వాత నుంచి పాత దెబ్బలే, చివర్లో కత్తో సుత్తో అతుకుతాయి. అంటే మొదటి సగంలో ఇక్కడితో అయిపోయింది అనుకున్న చోట ఇప్పుడు ఇంకొకటి వస్తాది. అందుకని రెండో సగంలో మీ దెబ్బలు తగ్గించుకోండి, రెండు వేసే చోట ఒకటి వేయండి.

తోడేళ్ళను, రోజియర్‌ను, సంకెలను ఎప్పుడు వాడాలి?

పొగ తెర ముందర నేల మీద బంగారు గుర్తు ఉంటాది, అది తాకితే మంత్రగాడు రోజియర్ తోడొస్తాడు, లోపలికి పోకముందే పిలవాలి. రోజియర్ ఉన్నా ఆత్మలను పిలవొచ్చు. లోపలికి పోగానే మార్గిట్ మీ దాకా వచ్చేలోపు గంట మోగించేయండి, తర్వాత సమయం దొరకదు. కొంతమంది సంకెలను మొదట్లోనే రెండూ వాడేసి వరసగా కొట్టి ఫైట్ తొందరగా రెండో సగానికి తెస్తారు, అది కూడా మంచి పద్ధతే, ఎందుకంటే తోడొచ్చినోళ్ళు ఇంకా బతికి ఉంటారు. టోరెంట్ గుర్రం మాత్రం ఇక్కడ రాదు.

నేను మంత్రాలోడిని, దూరం నుంచి కొడతాంటే మీదికి దూకుతాడు.

తోడేళ్ళు వాడిని పట్టుకున్నంత సేపు గ్లింట్‌స్టోన్ పెబుల్ వరసగా వేయండి. మీ పక్కకు తిరగగానే వేయడం ఆపి కదలండి, ఒకటి వేసి ఒక రోల్, అంతే లయ. నీలం ఫ్లాస్కులు ఎక్కువ పెట్టుకోండి, కానీ మంత్రాలోళ్ళు కూడా విగర్ వదిలేయొద్దు.

నా ఫ్రెండ్ కడపలో ఆడతాండాడు, వాడిని పిలవొచ్చా?

పిలవొచ్చు, ఇద్దరిదీ ఒకే రకం మిషన్ అయితే. పీసీ వాళ్ళు ప్లేస్టేషన్ వాళ్ళతో కలవలేరు, పీఎస్4, పీఎస్5 వాళ్ళు కలవొచ్చు. మల్టీప్లేయర్ మెనూలో ఇద్దరూ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకోండి, వాడు టార్నిష్డ్స్ ఫర్ల్‌డ్ ఫింగర్‌తో గుర్తు పెడతాడు, మీరు ఫర్ల్‌కాలింగ్ ఫింగర్ రెమెడీ వాడితే ఆ గుర్తు కనపడతాది. కన్సోల్‌లో అయితే నెలవారీ ఆన్‌లైన్ చందా కట్టాలి, పీసీలో అక్కర్లేదు. మనిషిని పిలిచినప్పుడు ఆత్మలను పిలవలేరు, అది గుర్తుపెట్టుకోండి.

తోడేళ్ళతో గెలిస్తే అది గెలుపు కాదంటాండారు, నిజమా?

ఆ మాట అనేవాళ్ళను పట్టించుకోవద్దు. ఆ గంటను గేమ్ చేసినోళ్ళే మొదటి చర్చిలోనే మీ చేతికి ఇచ్చినారు, వాడుకోమనే ఇచ్చినారు. ఇక్కడ గేమింగ్ సెంటర్లలో కొత్త పిల్లోళ్ళు ఆ మాటలు విని గంట వాడకుండా ఏడ్చుకుంటా ఆడి, విసుగొచ్చి గేమే వదిలేస్తాండారు, అది చూస్తే నాకు శానా బాధ. మార్గిట్ తర్వాత ఈ గేమ్‌లో ఎంత ఉందో వాళ్ళకు తెలియకుండానే పోతాది. మీకు నచ్చిన దారిలో గెలవండి.

ఇంకొక్క దెబ్బ ఉందనగా ప్రతిసారీ చచ్చిపోతాండా.

ఆ చివరి దెబ్బ దగ్గర చేతులు తొందరపడతాయి, అక్కడే లెక్క తప్పేది. వాడి ప్రాణం ఎంత ఉందో కింద ఉన్న గీతను చూడడం మానేయండి, మోచేయినే చూడండి. అప్పటికీ కాకుంటే ఆ రోజుకు ఆపేసి నిద్రపోండి. పొద్దున లేచి ఆడితే చెయ్యి తనంతట తానే టైమింగ్ పట్టుకుంటాది, ఇది నాకు తెలిసిన శానా మందికి జరిగింది.

## గెలిచినాక, లేదా గెలవకుండానే

వాడిని చంపకుండా ముందుకు పోవచ్చా?

పోవచ్చు. స్టార్మ్‌హిల్ నుంచి కోటకు తూర్పు పక్కగా కొండ అంచున ఒక దారి ఉంది, దాన్ని పట్టుకుని పోతే కోట లోపలికి అడుగు పెట్టకుండానే తర్వాతి ప్రాంతం లియూర్నియా చేరుకుంటారు, అక్కడ లేక్ ఫేసింగ్ క్లిఫ్స్ గ్రేస్ ఉంటాది. రాజధాని లేండెల్‌లోకి పోవాలంటే రెండు గ్రేట్ రూన్స్ (కొంతమంది పెద్ద బాస్‌లను గెలిస్తే వచ్చేవి) కావాలి, అవి ఎవరివైనా ఫర్వాలేదు, కాబట్టి మార్గిట్‌ను పూర్తిగా వదిలేసినా కథ ఆగదు. లియూర్నియాలో నాలుగు లెవెల్స్ పెంచుకుని తిరిగొచ్చి కొట్టినా సరే. స్టార్మ్‌వీల్ మాత్రం వదిలేయొద్దు, ఈ గేమ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన కోట అదే.

చంపితే ఏమొస్తాది?

12,000 రూన్స్, ఒక టాలిస్మన్ పౌచ్. పౌచ్ వల్ల ఇంకో టాలిస్మన్ (ఒంటి మీద పెట్టుకుంటే బలం ఇచ్చే వస్తువు) పెట్టుకునే చోటు వస్తాది, ఇది గేమ్ మొత్తం పనికొస్తాది. ఆ రూన్స్‌తో వెంటనే గ్రేస్ దగ్గర కూర్చుని లెవెల్స్ పెంచేసుకోండి, చేతిలో పెట్టుకుని కోటలోకి పోవద్దు.

డీఎల్‌సీ కొంటే మార్గిట్‌కు పనికొచ్చే ఆయుధాలు వస్తాయంట, కొనాలా?

ఇప్పుడు వద్దు. డీఎల్‌సీ అంటే విడిగా కొనే అదనపు భాగం, షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ దాని పేరు, 2024 జూన్ 21న వచ్చింది, అద్భుతంగా ఉంటాది, కానీ దాని లోపలికి పోవాలంటే ముందు రాడాన్, మోగ్ అనే ఇద్దరు బాస్‌లను గెలవాలి. మార్గిట్ దగ్గర ఉన్నోళ్ళకు అది శానా దూరం. ఆ డబ్బులతో కంట్రోలర్ కొనుక్కోండి.

కోట గేటు దగ్గర ఒకడు పక్క సందులో పొమ్మంటాండు, నమ్మాలా?

వాడు గోస్టాక్. వాడి మనసు మంచిది కాదు గానీ ఆ మాట మాత్రం నిజం. మెయిన్ గేటు తెరిపిస్తే ఎదురుగా సైనికులు, పెద్ద బాణాలు విసిరే యంత్రాలు కాచుకుని ఉంటాయి, ఇప్పుడే మార్గిట్‌ను దాటినోళ్ళకు అది అక్కర్లేని కష్టం. ఎడమ పక్క గోడలో ఉన్న కంత గుండా పోయి కొండ అంచు మీదుగా పైకి ఎక్కండి, దారిలో గద్దలు కాళ్ళకు కత్తులు కట్టుకుని ఉంటాయి, వాటిని ఒక్కోదాన్ని దగ్గరికి పిలిచి కొట్టండి. మీరు ఈ కోటలో చచ్చినప్పుడు మీ రూన్స్‌లో కొంత భాగం గోస్టాక్ కాజేస్తాడు, అందుకని ఎక్కువ రూన్స్ జేబులో పెట్టుకుని తిరగొద్దు. లోపల చివర్లో ఉండే బాస్ గాడ్రిక్, మార్గిట్ దగ్గర ఆగి కొట్టడం నేర్చుకున్న చేతికి వాడి గొడ్డలి కొంచెం నెమ్మదిగానే కనపడతాది.